పాత కారు అప్పుడప్పుడు మిస్సింగ్ కొడుతుంటే: పార్టులు మార్చకముందు ఇంటి దగ్గరే పట్టుకోవడం ఎలా

"బండి రెండ్రోజులు బాగుంటుంది, మూడో రోజు సిగ్నల్ దగ్గర తడబడుతుంది, షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ మాత్రం బుద్ధిగా నడుస్తుంది. ఏం చేయమంటారు?" అని అడిగేవాళ్లు ఎంతమందో. బండ్ల పేర్లే మారతాయి, మారుతి 800, ఆల్టో, పాత వ్యాగన్ఆర్, సాంత్రో... కథ ఒక్కటే: మిస్సింగ్, అంటే ఒక సిలిండర్‌లో పెట్రోలు మండాల్సినప్పుడు మండక ఇంజిన్ దెబ్బ తప్పడం. ప్లగ్గులు మార్చారు, తగ్గలేదు. కాయిల్ (ప్లగ్గుకి వేల వోల్టులు తయారుచేసేది) మార్చారు, వారం ఆగి మళ్లీ మొదలైంది. ఇప్పుడు "ఈసీఎం పోయిందేమో సార్" అంటున్నారు, ఈసీఎం అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, దాని రేటు వింటే బండినే అమ్మేద్దామనిపిస్తుంది.

ఆగండి. కొత్త పార్టు ఏదైనా కొనే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: ఎప్పుడు కొడుతోంది, ఏ సిలిండర్‌లో కొడుతోంది, ఆ సిలిండర్ మీదున్న వస్తువును తీసి పక్కదానికి పెడితే మిస్సింగ్ కూడా దాని వెంట వెళ్తోందా లేదా. మొదటి రెండింటికి దాదాపు ఖర్చే లేదు. మూడోదానికి ప్లగ్ పానా, కొంచెం ఓపిక చాలు.

కింద రాసిందంతా ముఖ్యంగా 2000 తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండర్‌కి ఒక ఇంజెక్టర్ పెట్రోలు చల్లే) పెట్రోలు బండ్ల గురించి, సీఎన్జీ, ఎల్పీజీ కిట్లు పెట్టించుకున్నవాటితో సహా. కార్బురేటర్ బండి అయితే ఇంజెక్టర్లు, స్కానర్ అన్న చోట్లు వదిలేసి మిగతావి చేసుకోవచ్చు. డీజిల్ కథ వేరు.

ఏమేం కావాలి

ప్లగ్ పానా (పాత మారుతీల్లో పెద్ద సైజు 21 పడుతుంది, చాలా కొత్త ఇంజిన్లలో 16, కొనే ముందు మీ ప్లగ్ ఏదో చూసుకోండి), ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట), నాలుగైదు వందల్లో వచ్చే మామూలు డిజిటల్ మల్టీమీటర్, నీళ్లు చల్లే స్ప్రే బాటిల్, టార్చి, పాత గుడ్డలు, మార్కర్ పెన్ను, చిన్న నోట్‌బుక్. బండి 2010 తర్వాతది అయితే వెయ్యి లోపు దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ రాసుకున్న తప్పుల కోడ్‌లు ఫోన్‌లో చూపేది) ఒకటి. కంప్రెషన్ గేజ్ (సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచేది) కొనక్కర్లేదు, చివర్లో అవసరం పడితే షెడ్డులో చేయించుకోవచ్చు.

కొన్ని జాగ్రత్తలు ముందే చెప్తాను, ఇవి దాటేసి కిందికి వెళ్లకండి. ప్లగ్గుకి వెళ్లే కరెంటు వేల వోల్టుల్లో ఉంటుంది. ఇంజిన్ ఆన్‌లో ఉండగా కేబుల్ చేత్తో లాగి "స్పార్క్ వస్తోందా" అని చూసే పాత అలవాటు మానేయండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి. మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడపొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. రేడియేటర్ ఫ్యాను తనంతట తనే తిరగడం మొదలుపెడుతుంది కాబట్టి చున్నీ, వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు ఏవీ దాని దగ్గరికి రాకూడదు. పెట్రోలు వాసన గట్టిగా వస్తుంటే ఇంజిన్ ఆపేసి, ముందు ఆ లీకు సంగతి చూడండి.

1. అది నిజంగా మిస్సింగేనా?

పాత బండి వణికితే అంతా మిస్సింగ్ కాదు. ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు పగిలితే సిగ్నల్ దగ్గర స్టీరింగ్, సీటు ఊగుతాయి కానీ సైలెన్సర్ శబ్దం మాత్రం సమంగానే ఉంటుంది. ఏసీ కంప్రెసర్ ఆన్ అయినప్పుడు వచ్చే కుదుపు కొంతసేపటికోసారి ఒక లెక్క ప్రకారం వస్తుంది, ఏసీ ఆపితే పోతుంది. క్లచ్ వదిలేటప్పుడు మాత్రమే వణికితే అది క్లచ్ వ్యవహారం. మూడు సిలిండర్ల ఇంజిన్ అయితే ఐడ్లింగ్‌లో కాస్త వణకడం దాని పుట్టుక, దాన్ని మీరు తగ్గించలేరు.

అసలు మిస్సింగ్‌ని సైలెన్సర్ దగ్గర నిలబడి వినాలి. సమంగా వచ్చే శబ్దం మధ్యలో "ఫట్... ఫట్" అని ఒక దెబ్బ తప్పుతుంది. సైలెన్సర్ చివర చిన్న కాగితం ముక్క పట్టుకోండి (గొట్టం కాలుతుంది, చెయ్యి తగలనివ్వకండి). కాగితం ఒకేలా బయటికి ఊగుతుంటే బాగున్నట్టు. మధ్యమధ్యలో ఆగి, వెనక్కి గొట్టం వైపు అంటుకుంటుంటే ఒక సిలిండర్ పని చేయనట్టు, లేదా ఎగ్జాస్ట్ వాల్వు సరిగ్గా మూసుకోనట్టు.

2. ఎప్పుడు కొడుతోందో రాసుకోండి

దీన్ని అందరూ దాటేస్తారు. నన్నడిగితే సగం రోగం ఇక్కడే తెలిసిపోతుంది, కాబట్టి వారం రోజులు బండిలో నోట్‌బుక్ పెట్టుకోండి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లతో ఫోన్‌లో సౌండ్ రికార్డు చేయించండి, తర్వాత మెకానిక్‌కి అదే సాక్ష్యం.

పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద కొట్టి, వేడెక్కాక పోతుంటే గాలి లీకు, మురికి ఇంజెక్టరు, అరిగిన ప్లగ్గు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి అరగంట ట్రాఫిక్‌లో నడిచాక మొదలైతే కాయిల్, సెన్సర్, లేదా టైటు ట్యాపెట్లు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు తగ్గిపోవడం). వాన పడ్డప్పుడో, వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడో వస్తే ప్లగ్ కేబుళ్లు, కాయిల్ మీద పగుళ్లు, ఇంకేం వెతకక్కర్లేదు. ఐడ్లింగ్‌లో మాత్రమే తడబడి ఆక్సిలరేటర్ తొక్కితే సర్దుకుంటే గాలి లీకు. ఐడ్లింగ్ బాగుండి నాలుగో గేరులో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కొడితే స్పార్క్ బలహీనం, లేదా పెట్రోలు సరిపడా అందడం లేదు. ట్యాంకులో పెట్రోలు పావు కన్నా తగ్గినప్పుడే వస్తే పంపు వైపు చూడండి. బ్రేకు తొక్కి పట్టుకున్నప్పుడు ఎక్కువైతే బ్రేక్ బూస్టరు గొట్టం.

గ్యాస్ కిట్టు ఉన్నవాళ్లు ఇంకోటి చూడాలి: గ్యాస్ మీదే కొడుతోందా, పెట్రోలు మీద కూడానా? గ్యాస్ మంటకి ప్లగ్గు దగ్గర ఎక్కువ వోల్టేజి కావాలి, అందుకే ప్లగ్గులు, కేబుళ్లు నీరసించినప్పుడు ఆ సంగతి ముందు గ్యాస్ మీద బయటపడుతుంది, పెట్రోలుకి మార్చగానే మాయమైనట్టు కనిపిస్తుంది. చాలామంది అప్పుడు గ్యాస్ కిట్టు వాడి మీద పడతారు. ముందు ప్లగ్గులు చూడండి.

3. బానెట్ ఎత్తి కళ్లతో చూడండి

ఇంజిన్ చల్లారాక, ఎండలో కాకుండా నీడలో, టార్చి వేసి. మొదట ఎలుకలు. నవ్వకండి, అపార్ట్‌మెంట్ సెల్లార్లో వారం కదలకుండా ఉన్న బండి వైర్లకు ఎలుకే మొదటి శత్రువు. ఇంజెక్టర్ల వైర్లు, కాయిల్ వైర్లు ఇన్సులేషన్ కొరికేసి లోపల రాగి మెరుస్తుంటుంది, తెగిపోదు, కుదుపుకి తగిలినప్పుడు పని చేస్తుంది లేనప్పుడు లేదు. ఇంజిన్ మీద ఎండిన పెంటికలు, కొబ్బరి పీచు, చింకి గుడ్డ కనబడితే వైర్లన్నీ వేలితో తడిమి చూడాల్సిందే.

తర్వాత కనెక్టర్లు. ఒక్కోటి ఊడదీసి లోపల పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టిందేమో చూడండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పు గాలి తగిలే బండ్లలో ఇది మామూలే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిచ్చి పెడితే చాలు, గ్రీజు కుక్కొద్దు. ఇరవై ఏళ్ల వేడికి ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసెక్కి ఉంటాయి, లాగితే విరుగుతాయి, క్లిప్పు నొక్కి పట్టుకునే తీయండి.

ఇంజిన్ నుంచి బాడీకి, బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి వెళ్లే ఎర్త్ వైరు వదులుగా ఉందేమో, తుప్పు పట్టిందేమో చూడండి. మల్టీమీటర్ ఉంది కదా: ఇంజిన్ ఆన్ చేసి, హెడ్‌లైట్లు, ఏసీ వేసి, ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ మీద పెయింటు లేని లోహం మీద పెట్టండి. 0.1 వోల్టు లోపు రావాలి. దానికి మించి చాలా వస్తుంటే ఎర్తింగ్ బాగోలేదు, విప్పి ఉప్పుకాగితంతో రుద్ది బిగించండి. పనిలో పనిగా బ్యాటరీ కూడా కొలవండి, ఇంజిన్ ఆపి కొంతసేపు ఆగితే 12.6 దగ్గర, నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి.

4. స్కానర్ ఉంటే పెట్టండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు

మన దేశంలో పూర్తిస్థాయి ఓబీడీ-2 రూలు 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది, మొదటి దశ 2010లో. అంతకుముందు బండ్లలో అదే సాకెట్ కనిపించినా చౌక స్కానర్ చాలాసార్లు కనెక్ట్ కాదు, స్కానర్ పాడైందనుకుని ఇంకోటి కొనొద్దు. ఆ మోడల్‌కి తగ్గ మెషీన్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర కోడ్ చదివించుకోవడమే మేలు.

కనెక్ట్ అయితే పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 రెండోది, అలా. పీ0300 అంటే ఏదో ఒకటని కాకుండా అన్నిట్లో అక్కడక్కడా. ఈ తేడా చాలా పనికొస్తుంది. ఒకే సిలిండర్ కొడుతుంటే తప్పు ఆ సిలిండర్‌కి మాత్రమే సంబంధించిన దాంట్లో ఉంది: దాని ప్లగ్గు, కేబులు, కాయిల్, ఇంజెక్టరు, వాల్వు. పెట్రోలు అన్నిటికీ ఒకటే కదా, కాబట్టి బంకు వాడిని తిట్టి లాభం లేదు. అన్నీ అడ్డదిడ్డంగా కొడుతుంటే అప్పుడు పెట్రోలు, గాలి లీకు, సెన్సర్, ఎర్తింగ్ లాంటి ఉమ్మడి కారణం వెతకాలి.

కోడ్ చెరిపేసే ముందు ఫొటో తీసుకోండి. చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉండటం వేరు, టిప్ టిప్‌మని ఆరి వెలగడం వేరు. ఆరి వెలుగుతుంటే కాలని పెట్రోలు సైలెన్సర్‌లోని కన్వర్టర్‌లోకి (పొగని శుభ్రం చేసే డబ్బా) వెళ్లి అక్కడ మండుతోందని అర్థం, బండి పక్కకి ఆపండి, అదీ ఎండుగడ్డి మీదో, రోడ్డు మీద ఆరబోసిన వరిగడ్డి మీదో కాదు.

5. ఏ సిలిండరో కనిపెట్టడం

స్కానర్ లేనివాళ్లకి పాత పద్ధతే, కాకపోతే ప్లగ్ కేబుళ్ల బదులు ఇంజెక్టర్ కనెక్టర్లు ఊడదీస్తాం. షాక్ భయం ఉండదు, కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోదు. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఒకటో ఇంజెక్టర్ కనెక్టర్ తీయండి. ఇంజిన్ వెంటనే కుంటాలి. మళ్లీ పెట్టి, సర్దుకున్నాక రెండోది. ఏది తీస్తే ఇంజిన్‌లో మార్పు రాలేదో అదే అసలు పని చేయని సిలిండర్. తీసిన ఆ క్షణం చెవి పెట్టి వినండి, ఎందుకంటే కొన్ని సెకన్లలో ఈసీఎం ఐడ్లింగ్ పెంచి లోటు కప్పేస్తుంది. దీనివల్ల చెక్ లైటు వెలగొచ్చు, కంగారు పడొద్దు, తర్వాత కోడ్ చెరిపేయొచ్చు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు: మిస్సింగ్ లేనప్పుడు ఈ పరీక్ష చేసి "అన్నీ సమంగానే ఉన్నాయి, ఇంజిన్ బాగుంది" అనుకోవడం. అప్పుడప్పుడు వచ్చే రోగానికి అది ఉన్నప్పుడే నాడి చూడాలి. బండి బాగున్నప్పుడు ఒకసారి చేసి ఏ కనెక్టర్ ఎక్కడుందో, తీస్తే శబ్దం ఎలా మారుతుందో అలవాటు చేసుకోండి. ఈసారి రోడ్డు మీద కొట్టడం మొదలైతే పక్కకి ఆపి, ఇంజిన్ ఆపకుండా రెండు నిమిషాల్లో తేల్చేయొచ్చు. కొన్ని ఇంజిన్లలో ఇంజెక్టర్లు మానిఫోల్డ్ (సిలిండర్లలోకి గాలి వెళ్లే గొట్టాల గుంపు) కింద దాక్కుని ఉంటాయి, చెయ్యి దూరకపోతే బలవంతం చేయకండి, ఆరో మెట్టుకి వెళ్లిపోండి.

6. ప్లగ్గులు తీసి వరుసగా పెట్టి చూడండి

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. అల్యూమినియం హెడ్‌లోంచి వేడి మీద ప్లగ్గు తిప్పితే మరలు లేచొస్తాయి, ఆ రిపేరు ఖర్చుకి రెండు సెట్ల ప్లగ్గులు, ఒక కాయిల్ వస్తాయి. తీసే ముందు ప్లగ్గు గుంటలో దుమ్ము గాలి కొట్టి ఊదేయండి, లేకపోతే అదంతా సిలిండర్‌లో పడుతుంది. కేబుల్ పట్టుకుని లాగకండి, రబ్బరు టోపీ పట్టుకుని కొంచెం మెలితిప్పి లాగండి. కేబుళ్ల మీద మార్కర్‌తో నంబర్లు వేయండి, లేదా ఒక్కోటి తీసి పని అయ్యాకే రెండోది ముట్టుకోండి. తారుమారైతే అసలు రోగం పక్కనపెట్టి కొత్త రోగం మొదలవుతుంది (మారుతి 800 ఫైరింగ్ వరుస 1-3-2, నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో చాలావాటికి 1-3-4-2).

తీసిన ప్లగ్గుల్ని సిలిండర్ వరుసలో న్యూస్‌పేపర్ మీద పెట్టండి. విడివిడిగా కాదు, ఒకదాంతో ఒకటి పోల్చండి. లేత గోధుమ రంగు, బూడిద రంగు అయితే సరే. ఒకటి మాత్రం పెట్రోలుతో తడిగా ఉంటే అక్కడ మంట పుట్టడం లేదు. పొడి నల్ల మసి అన్నిటి మీదా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, ఎయిర్ ఫిల్టర్ కూడా చూడండి. జిడ్డు నలుపు అంటే లోపలికి ఆయిల్ వస్తోంది. ఒకటి సున్నంలా తెల్లగా ఉంటే ఆ సిలిండర్‌కి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. పది నిమిషాలు ఐడ్లింగ్‌లో నడిపి తీసిన ప్లగ్గు ఎప్పుడూ నల్లగానే ఉంటుంది, అది చూసి నిర్ణయానికి రావద్దు, కాస్త దూరం నడిపాక తీసినదే లెక్క.

ఇప్పుడు తెల్ల పింగాణీ భాగాన్ని వెలుతురులో తిప్పి చూడండి. పింగాణీ లోహంలో కలిసే చోట గోధుమ రంగు మరక వలయంలా ఉంటే దాన్ని చూసి "గ్యాస్ లీకవుతోంది" అని ప్లగ్గు పారేస్తారు, అది హై వోల్టేజి దగ్గర ఆయిల్ ఆవిరి, దుమ్ము అంటుకుని వచ్చే మరక, హాని లేదు. వెతకాల్సింది నిలువుగా, పెన్సిల్‌తో గీసినట్టుండే సన్నటి నల్ల గీత. స్పార్క్ కిందకి వెళ్లకుండా పక్క నుంచి జారి బాడీకి దూకిన దారి అది. అలాంటి గీతే రబ్బరు టోపీ లోపల కూడా అచ్చు పడి ఉంటుంది, టార్చి వేసి చూడండి. గీత ఉంటే ప్లగ్గు, టోపీ రెండూ మార్చాలి. ప్లగ్గు ఒక్కటే మారిస్తే కొన్నాళ్లకే కొత్త ప్లగ్గు మీద కూడా అదే గీత పడుతుంది. "ప్లగ్గులు మార్చినా తగ్గలేదు" అనే కేసుల్లో ఇది బాగా కనిపిస్తుంది.

గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే పైనున్న వాల్వ్ కవర్ గాస్కెట్ కారుతోంది. ఆ ఆయిల్‌కి రబ్బరు టోపీ మెత్తబడి కరెంటు బయటికి పోతుంది. ముందు గాస్కెట్, తర్వాతే కేబులు.

గ్యాప్ ఫీలర్ గేజ్‌తో కొలవండి. ఎంత ఉండాలో మీ బండి పుస్తకంలో ఉంటుంది. కార్బురేటర్ మారుతీల్లో 0.7, 0.8 మిల్లీమీటర్ల దగ్గర, ఎంపీఎఫ్ఐలలో చాలావాటికి 1.0, 1.1 దగ్గర. ఇరిడియం ప్లగ్గుల సన్నటి మొన జోలికి వెళ్లొద్దు, అది ఇట్టే విరుగుతుంది. పాత ప్లగ్గుని వైరు బ్రష్షుతో రుద్ది మళ్లీ పెట్టేయడం మన దగ్గర బాగా అలవాటు, ఆ లోహపు పొడి పింగాణీ మీద అంటుకుని కరెంటుకి దారి వేస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పండి, పానాతో కాదు. వాషరున్న కొత్త ప్లగ్గు అయితే చేత్తో ఆగేదాకా తిప్పాక పానాతో అర చుట్టు, కొంచెం పైన. వాడిన ప్లగ్గే మళ్లీ పెడుతుంటే అంత కూడా వద్దు, కొద్దిగా బిగిస్తే చాలు.

7. మార్చి చూడండి: అసలు పరీక్ష ఇదే

రెండో సిలిండర్ మీద అనుమానం ఉందనుకుందాం. దాని ప్లగ్గు తీసి ఒకటోదానికి, ఒకటోది రెండోదానికి పెట్టండి. కేబుళ్లు, కాయిళ్లు మాత్రం ఎక్కడివి అక్కడే పెట్టండి. రెండ్రోజులు నడపండి. మిస్సింగ్ ఒకటో సిలిండర్‌కి వెళ్లిందా? ప్లగ్గే దొంగ. రెండోదాంట్లోనే ఉందా? ఇప్పుడు కాయిల్ మార్చి చూడండి (ప్లగ్గు మీద నేరుగా కూర్చునే కాయిళ్లు ఉన్న బండ్లలో ఇది రెండు నిమిషాల పని). అప్పుడూ కదలకపోతే ఇంజెక్టరు, లేదా ఇంజిన్ లోపలిది.

ఒకసారికి ఒకటే మార్చాలి. ప్లగ్గు, కేబులు, కాయిల్ అన్నీ ఒకేసారి మార్చి మిస్సింగ్ పోయిందనుకోండి, దేనివల్ల పోయిందో తెలీదు, అప్పుడప్పుడు వచ్చేది కదా, అసలు పోయిందో లేదో కూడా తెలీదు.

కేబుళ్లున్న బండ్లలో ఒక్కోటి పొడవు వేరు, మార్చడం కుదరదు. వాటిని మల్టీమీటర్‌తో 20 కిలో ఓమ్స్ దగ్గర పెట్టి కొలవండి. పొడవును బట్టి కొన్ని కిలో ఓమ్స్ వస్తాయి, పొడవైనదానికి ఎక్కువ. ఒకటి మిగతావాటి కన్నా విపరీతంగా ఎక్కువ చూపినా, అసలు రీడింగే రాకపోయినా అది పోయినట్టే. కొలుస్తూ కేబులుని వంచి చూడండి, వంచినప్పుడు రీడింగ్ ఎగిరిపడితే లోపల తెగి ఉంది. డిస్ట్రిబ్యూటర్ (ఒకే కాయిల్ కరెంటుని ప్లగ్గులకి పంచేది) ఉంటే క్యాప్ తీసి లోపల నల్ల గీతలు, పొడి చిలుము ఉన్నాయేమో చూసుకోండి.

కాయిల్‌ని కూడా ఓమ్స్‌లో కొలిచి "బాగుంది" అని సర్టిఫికెట్ ఇస్తారు కొందరు. చల్లగా ఉన్నప్పుడు లెక్క సరిగ్గా చూపించి, వేడెక్కాక చేతులెత్తేసే కాయిళ్లే ఎక్కువ. కొలత కన్నా మార్చి చూడటమే నమ్మకం. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో రెండేసి సిలిండర్లకు ఒక కాయిల్ ఉండి, 1, 4 కలిపి, లేదా 2, 3 కలిపి కొడుతుంటే ఆ కాయిల్‌నే పట్టుకోండి.

8. చీకట్లో నీళ్ల స్ప్రే

వానాకాలం మిస్సింగ్‌కి ఇది. రాత్రి లైట్లు ఆపి, ఇంజిన్ నడుస్తుండగా కేబుళ్ల మీద, కాయిల్ చుట్టూ మంచులా సన్నగా నీళ్లు చల్లండి. ధార పోయొద్దు, చెయ్యి దూరంగా ఉంచండి. ఎక్కడైనా నీలం మెరుపులు పాకినా, టిక్ టిక్‌మని చప్పుడు వచ్చినా, ఇంజిన్ అప్పుడే తడబడినా చోటు దొరికింది. దొరక్కపోయినా మంచిదే, కేబుళ్లకి పెట్టబోయిన డబ్బులు మిగిలాయి. ఇకనుంచి వాటర్ సర్వీసింగ్‌లో బానెట్ కింద ప్రెషర్ గన్ పెట్టనివ్వకండి.

9. గాలి లీకు

ఐడ్లింగ్‌లో మాత్రమే కొట్టేవాళ్లకి. సన్నటి రబ్బరు గొట్టాలన్నీ వేళ్లతో నొక్కి చూడండి, ముఖ్యంగా మ్యాప్ సెన్సర్‌కి (మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) వెళ్లేది, బ్రేక్ బూస్టర్‌ది, పీసీవీది (ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ మానిఫోల్డ్‌లోకి పంపేది). గొట్టం మధ్యలో బాగానే ఉండి చివర, బిగించిన చోట చీలి ఉంటుంది. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా సబ్బు నీళ్లు మానిఫోల్డ్ అతుకుల మీద, గొట్టాల చివర్ల మీద కొద్దికొద్దిగా చల్లండి. నీళ్లు లోపలికి పీల్చుకున్న చోట శబ్దం ఒక క్షణం మారుతుంది. చాలా వీడియోల్లో కార్బ్ క్లీనర్ కొట్టి చూపిస్తారు, పని చేస్తుంది కానీ వేడి ఎగ్జాస్ట్ మీద పడితే భగ్గుమంటుంది. నీళ్లతో పోయేదానికి నిప్పుతో చెలగాటం ఎందుకు.

10. పెట్రోలు

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక ప్రతి రోగాన్నీ దాని మీదకి తోస్తున్నారు. కొంత నిజముంది: పాత ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మురికిని ఇథనాల్ కరిగించి ఫిల్టర్‌లోకి తెస్తుంది, ఇథనాల్‌కి తట్టుకునేలా తయారుచేయని పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి పెళుసెక్కుతాయి, నెలల తరబడి కదలని బండిలో తేమ పీల్చుకుని నీళ్లు అడుగున చేరతాయి. కానీ నాలుగో మెట్టులో చెప్పినట్టు ఒకే సిలిండర్ కొడుతుంటే అది పెట్రోలు తప్పు కాదు.

బంకు మీద అనుమానం ఉంటే ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేదాకా ఆగి, బాగా రద్దీగా ఉండే వేరే బంకులో నింపి నోట్‌బుక్‌లో రాయండి. తాళం తిప్పగానే వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు జుయ్‌మని మోగాలి. ఫ్లైఓవర్ మీద కొట్టే బండికి పెట్రోలు ఫిల్టర్ మార్చిన సంగతి గుర్తు లేకపోతే మార్చేయండి, మొత్తం ఈ వ్యవహారంలో పరీక్ష లేకుండా మార్చమని నేను చెప్పేది అదొక్కటే. ప్రెషర్ 2.5 నుంచి 3 బార్ దగ్గర ఉండాలి చాలా బండ్లలో, అది షెడ్డులో గేజ్ పెట్టించి చూపించుకోండి. ఎంపీఎఫ్ఐ లైను ప్రెషర్‌లో ఉంటుంది, ఇంటి దగ్గర గొట్టం ఊడదీస్తే పెట్రోలు మొహం మీదకి చిమ్ముతుంది.

11. వేడెక్కాక ఒక్కసారిగా ఆగిపోతే

ఇది మిస్సింగ్‌లా మొదలై పూర్తిగా ఆగిపోవడం, పావుగంట ఆగాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవడం. బండి గేరులో దొర్లుతుండగానే ఆర్‌పీఎం ముల్లు సున్నాకి పడిపోతే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని ఈసీఎంకి చెప్పేది) సిగ్నల్ పోతోందన్న అనుమానం బలంగా ఉంటుంది. ముల్లు ఇంకా ఆర్‌పీఎం చూపిస్తూనే ఉంటే స్పార్కో పెట్రోలో అయ్యే అవకాశం ఎక్కువ. బేస్ మోడల్ మారుతీల్లో ఆ ముల్లే ఉండదు, అలాంటప్పుడు స్కానర్ యాప్‌లో చూడాలి. ఆగిపోయిన వెంటనే సెన్సర్ మీద, కాయిల్ మీద విడివిడిగా తడి గుడ్డ పెట్టి చల్లబరిచి, దేని తర్వాత స్టార్ట్ అయిందో చూడొచ్చు. ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడే, నీళ్లు పోయకుండా.

12. ఇవేవీ కాకపోతే కంప్రెషన్, ట్యాపెట్లు

సీఎన్జీ, ఎల్పీజీ మీద బాగా తిరిగిన బండ్లు ముందు ట్యాపెట్లు చూపించుకోవాలి. గ్యాస్ మీద వాల్వు సీటు అరిగి గ్యాప్ పోతుంది, వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, సిగ్నల్ దగ్గర బండి కుంటుతుంది. "ట్యాపెట్ సౌండే లేదు, ఇంజిన్ వెన్నలా ఉంది" అని మురిసిపోకండి, ఇలాంటి బండ్లలో సౌండు పూర్తిగా పోవడమే ప్రమాదం. స్క్రూ ట్యాపెట్లున్న ఇంజిన్లో సెట్ చేయించడానికి అయ్యేది కూలీ, మహా అయితే కవర్ గాస్కెట్.

కంప్రెషన్ చూసేటప్పుడు బ్యాటరీ బాగుండాలి, ప్లగ్గులన్నీ తీసేయాలి, కాయిల్, ఇంజెక్టర్ కనెక్టర్లు ఊడదీయాలి, ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి. ఆక్సిలరేటర్ తొక్కకుండా తీసిన తక్కువ రీడింగ్ చూపించి ఇంజిన్ పని చేయాలని చెప్పేవాళ్లున్నారు, పక్కనే నిలబడి చూడండి. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటి కన్నా 15 శాతానికి మించి తక్కువుంటే ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువుంటే హెడ్ గాస్కెట్.

తగ్గిందని ఎలా తెలుసుకోవాలి

రిపేరు చేసి కాలనీలో ఒక రౌండు వేసి "సెట్ అయింది" అనుకోవద్దు. రెండో మెట్టులో రాసిన నోట్‌బుక్ తీయండి. వేడి ట్రాఫిక్‌లో వచ్చేదైతే అదే రోడ్డులో అదే టైముకి, ఏసీ వేసి. వానకి వచ్చేదైతే మళ్లీ రాత్రి స్ప్రే. ఎన్ని రోజులకోసారి వచ్చేదో దానికి రెండింతల రోజులు రాకుండా ఉండాలి. రెండు మూడు వందల కిలోమీటర్లయ్యాక ఆ సిలిండర్ ప్లగ్గు ఒక్కటి తీసి పక్కదాంతో పోల్చండి, రెండూ ఒకే రంగులో ఉండాలి. ఇంకా అనుమానం ఉంటే పాత పార్టు తిరిగి పెట్టి చూడండి: మిస్సింగ్ తిరిగొస్తే అంతకు మించిన రుజువు లేదు. అందుకే పాత పార్టులు షెడ్డులో వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి.

కొనేటప్పుడు ప్లగ్గుల్లో నకిలీలు ఎక్కువ, ఎక్కడో సగం రేటుకి వస్తుంటే అనుమానించండి. కాయిల్ ఖరీదు ఎక్కువనిపిస్తే ఆటోనగర్‌లో అదే మోడల్ బండి నుంచి తీసినది దొరుకుతుంది, రెండ్రోజులు వాడి చూసి వెనక్కిచ్చేలా మాట్లాడుకోండి, పరీక్షకి అది చాలు. ఈసీఎం మాత్రం ఇవన్నీ అయ్యాక ఆఖరున.

ఇక షెడ్డుకి వెళ్లాల్సి వస్తే "మిస్సింగ్ ఉంది, చూడండి" అని తాళం ఇచ్చి రాకండి. "అరగంట నడిచాక, ఏసీ వేస్తే, రెండో సిలిండర్ కొడుతోంది. ప్లగ్గు, కాయిల్ పక్కదానికి మార్చి చూశాను, మారలేదు. ఇంజెక్టరు, కంప్రెషన్ చూడండి, ఏది మార్చాలన్నా ముందు ఫోన్ చేయండి" అని చెప్పండి. వీడియో ఉంటే వాట్సాప్‌లో పంపండి.